సగం ఎక్కిన బాటిల్

మామిడికుదురు సెంటర్లో, సూర్యకుమారి బ్యూటీ పార్లరు గుమ్మంలో పోయిన వారం మనం రాజబాబుని నిలబెట్టి వచ్చేశాం. అతని చేతిలో కొబ్బరికాయలు ఒలిచే గునపం ఉంది. వెనక దానం ఉన్నాడు, ఒలుపు పనిలో పదేళ్ళుగా అతనికి జోడీ. రాజబాబు చెల్లెలు వెంకటదుర్గ, ఇరవై రెండేళ్ళ పిల్ల, గురువారం నుంచీ అమలాపురంలో ఆసుపత్రి మంచం మీద ఉంది. కిడ్నీలు రెండూ మొరాయించాయి. స్పృహ తప్పేముందు ఆ పిల్ల నోట వచ్చిన మాట ఒక్కటే, "సూర్యక్క కోర్సు." ఆ మాట పట్టుకుని అన్నగారు శనివారం పట్టపగలు పదకొండింటికి, బజారంతా చూస్తుండగా వచ్చాడు.

ఎంతసేపని గుమ్మంలో నిలబెడతాం? లోపలికి రానిద్దాం.

రాజబాబు గునపం ఎత్తి ఎదురుగా ఉన్న నిలువుటద్దం మీద వేశాడు. అద్దం భళ్ళున పగిలి నేలంతా పరుచుకుంది. రెండో దెబ్బకి క్రీముల అలమర కూలింది. మూడో దెబ్బ స్విచ్చుల బోర్డుకి తగిలి నిప్పురవ్వలు లేచాయి, పైన ఫ్యాను ఆగిపోయింది. కుర్చీలో వీరాయమ్మగారు వెనక్కి వాలి ఉన్నారు. ముఖం నిండా శనగపిండీ పెరుగూ, కళ్ళమీద రెండు కీరా ముక్కలూ. పదెకరాల కొబ్బరితోట ఉన్న ఆసామి భార్య, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ చప్పుడుకి కీరా ముక్కలు ఒళ్ళో పడ్డాయి. అరుద్దామని నోరు తెరిస్తే ఎండిన పిండి పెళ్ళలుగా రాలింది గానీ గొంతు రాలేదు.

"అమ్మగారండీ, మీరు బయటికెళ్ళిపోండి. మీతో నాకు పేచీ లేదండి," అన్నాడు రాజబాబు.

మనవాళ్ళ మర్యాద చూశారా, చేతిలో గునపం ఉన్నా 'అండి' పోదు. వీరాయమ్మగారు మాత్రం కదల్లేదు. కాళ్ళు ఆడక అనుకున్నాడు రాజబాబు. దానం షట్టరు దించేశాడు.

సూర్యకుమారికి ముందు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండిపోయింది. కువైట్‌లో ఎనిమిదేళ్ళు పరాయివాళ్ళ గోళ్ళు కత్తిరించి వచ్చాక పెట్టుకున్న పార్లరు ఇది.

"ఏంటండీ రాజబాబుగారూ ఇది? మీ పిల్ల గురించి నాకు మాత్రం బాధ లేదాండీ? అద్దాలు పగలగొడితే లేచొచ్చేస్తుందా?"

"మా చెల్లికి ఏం ఎక్కించేరండి?"

"నేనేమీ ఎక్కించలేదండి. మింగే గొట్టాలిచ్చేను, క్యాప్సూళ్ళండి. గ్లూటాథయోనూ, సి విటమినూ. రోజుకొకటి, అన్నం తిన్నాక, మూడు నెలలు మింగమన్నాను. ఏం చెయ్యాలో గోడమీద రాసే ఉందండి."

గోడమీద నిజంగానే ఉంది. సూర్యకుమారి గుండ్రని చేతిరాతతో రాసి అంటించిన కాగితం. రాజబాబు దాన్ని చదివాడు, ఒక్కో మాటా కొరికి ఉమ్ముతున్నట్టు. "'పదింటికల్లా పడుకోండి. రోజూ ఉసిరికాయో జామకాయో తినండి. నీళ్ళు బాగా తాగండి. గొడుగు లేకుండా ఎండలోకి వెళ్ళకండి. మందులషాపు క్రీములు రాసి ముఖం పాడుచేసుకోకండి.' మా చెల్లి జామకాయలు తిని కిడ్నీలు పోగొట్టుకుందాండీ?"

కాగితం చించి నలిపి ఆమె ముఖాన కొట్టాడు.

నిజానికి ఆ కాగితంలో తప్పేమీ లేదు. సూర్యకుమారి ఎవరికీ తెల్లబడతారని చెప్పలేదు, ముఖం కళగా ఉంటుందని చెప్పింది. కానీ అలా చెప్పినప్పుడు వినేవాళ్ళ బుర్రలో ఏం తిరుగుతుందో ఆమెకి తెలియదా? తెలుసు. వెంకటదుర్గ అమలాపురంలో ఓ బంగారం కొట్లో ఉద్యోగానికి వెళితే, కౌంటరు దగ్గర నిలబడాలంటే కాస్త రంగుండాలన్నాడట ఆ మేనేజరు మహానుభావుడు. పొలంగట్ల వెంట ఎండనపడి పెరిగిన పిల్ల ఆ మాట మోసుకొచ్చి ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చింది. సూర్యకుమారి ఓదార్చి గొట్టాల డబ్బా చేతిలో పెట్టింది. మూడు నెలలంటే పిల్ల ముఖం ముడుచుకుంది. అంత ఓపిక ఎవరికుందండీ ఈ రోజుల్లో.

రాజబాబు చంకలో ఉన్న గోనెసంచిలోంచి ఒక సెలైన్ బాటిల్ తీశాడు. సగం ఖాళీ అయింది. దానికింకా పైపూ సూదీ వేలాడుతున్నాయి.

"దుర్గ హ్యాండ్‌బ్యాగులో దొరికిందండి పొద్దున్న. డాక్టరుగారు సిరంజితో కొంచెం తీసుకున్నారు. పరీక్షకి కాకినాడ పంపుతారంట, రెండ్రోజులు పడతాదంట. అంత టైము లేదన్నారు. ఎక్కించినవాళ్ళు ఏం కలిపేరో చెప్తే ఇప్పుడే మందు మార్చొచ్చు అన్నారు. చెప్పండి."

"నాకు తెలీదండి. నేను సూది ముట్టుకోను. మా అమ్మ సాక్షిగా..."

చెంప పేలింది. సూర్యకుమారి వెళ్ళి పగిలిన అద్దం మీద పడింది. అరచేతిలో పెంకు దిగబడి, మోచేతి దాకా రక్తం కారింది. లేస్తూ లేస్తూ చేతికందిన దాన్ని పట్టుకుంది. మైనం వేడిచేసే గిన్నె అది. ఎత్తి రాజబాబు మీదికి విసిరేసింది. సలసల కాగే మైనం అతని ముంజేతి మీద పడి చర్మానికి అంటుకుపోయింది. రాజబాబు గావుకేక పెట్టి, లాక్కోబోయిన చోటల్లా తోలు ఊడొస్తుంటే, పిచ్చెత్తిన వాడిలా గునపం తిప్పాడు. గునపం మొన కాదు, మొద్దువైపు వచ్చి ఆమె ఎడమచేతి వేళ్ళ మీద పడింది. రెండు వేళ్ళు విరిగిన చప్పుడు వీరాయమ్మగారికి కూడా వినబడింది.

"దానం, పట్టుకోరా దీన్ని!"

'అండి' ఎప్పుడు పోయిందో మీరు గమనించే ఉంటారు.

దానం ఆమె భుజాలు పట్టి రెండో కుర్చీలో కూలేశాడు. సూర్యకుమారి అతని మణికట్టు కరిచింది, రక్తం వచ్చేదాకా కరిచింది. అతను వదల్లేదు. "కదలకండి సూర్యగారూ, నరం తప్పితే ఇంకా నొప్పండి," అన్నాడు, నిజంగా జాలిపడుతున్నట్టే. రాజబాబు ఆమె కుడిచేతికి తువ్వాలు బిగించి కట్టాడు. బాటిల్ని ఎదురుగా గోడ కొక్కేనికి తగిలించి, సూది పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఏం లేదంటున్నావుగా. అయితే నువ్వే ఎక్కించుకో. నీకేమైనా అయితే అప్పుడు గుర్తొస్తాదేమో ఏం కలిపేవో."

సూర్యకుమారి తలెత్తి బాటిల్ వైపు చూసింది. అప్పుడు చూసింది దాన్ని. బాటిల్ అడుగున తగిలించడానికి వీలుగా ఒక తీగ కొక్కెం కట్టి ఉంది. ఆ తీగ చుట్టూ పసుపురంగు ఇన్సులేషన్ టేపు. టేపు చివర, మళ్ళీ విప్పడానికి వీలుగా, చిన్న చెవిలా మడతపెట్టి ఉంది.

ఆ మడత ప్రపంచంలో ఒక్కడే పెడతాడు. పార్లరు మూలనున్న కెటిల్ వైరుకి అదే టేపు, అదే మడత. ఇంట్లో మిక్సీకి అదే. ఏసీ మెకానిక్ పని వదిలేసి ఆర్నెల్లుగా ప్రతి శనివారం ఆడవాళ్ళని వ్యానులో వాడపల్లి వెంకన్న దగ్గరికి తిప్పుతున్న ఆమె తమ్ముడు, వీరేంద్ర.

తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఆమెకి పదిహేను. నీళ్ళు పోసింది, అన్నం కలిపి పెట్టింది. జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. తన కడుపున పుట్టినవాళ్ళు లేకపోయినా లోటు తెలియలేదంటే వీడివల్లే. ఇప్పుడు ఒక్క మాట బయటపెడితే ఈ గునపం మొన ఎటు తిరుగుతుందో ఆమె కళ్ళకి కట్టినట్టు కనబడింది.

పెనుగులాట ఆపేసింది. చెయ్యి చాపింది.

"ఎక్కించండి," అంది.

రాజబాబు ఒక్క క్షణం తికమకపడ్డాడు. భయపడి అరుస్తుందనుకున్నాడు, కాళ్ళు పట్టుకుంటుందనుకున్నాడు. చెయ్యి చాపుతుందనుకోలేదు. కానీ కోపం మీదున్నవాడు ఆలోచిస్తాడా? సూది గుచ్చాడు. నరం దొరకలేదు. తీసి మళ్ళీ గుచ్చాడు. మోచేతి మడతలో రక్తం ఉబికింది. మూడోసారి గుచ్చబోతుంటే...

"ఆపరా! సూర్యకుమారికేం తెలీదురా!"

ఇంతసేపూ రాయిలా కూర్చున్న వీరాయమ్మగారు లేచి నిలబడ్డారు. సగం ముఖం మీద పిండి, సగం మీద చెమట. కుడిచేతి జాకెట్టు పైకి లాగి మోచెయ్యి చూపించారు. మడతలో రెండు నల్లటి మచ్చలు.

"నాకూ ఎక్కించేడు. వ్యానులోనే. తిరిగొచ్చేటప్పుడు కొత్తపేట దాటాక చెట్టు నీడన ఆపి, కిటికీ రాడ్డుకి బాటిల్ కట్టి. అక్కే పంపింది అన్నాడు. అక్కకి చెప్పకండి, గొట్టాలు కొనరని కోప్పడతాది అని కూడా అన్నాడు. రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవని నాకప్పుడు తట్టలేదు నాయనా."

"ఎవడు?" అన్నాడు రాజబాబు, సూది దించి.

వీరాయమ్మగారు సూర్యకుమారి వైపు చూశారు. సూర్యకుమారి వద్దన్నట్టు తలూపింది. కన్నీళ్ళతో ఊపింది. ఆవిడ ఆగలేదు.

"వీరేంద్ర. ఈవిడ తమ్ముడు."

ఇక ఆవిడ నోరు మూతపడలేదు, అణచిపెట్టినదంతా తన్నుకొచ్చేసింది.

"ఏడు శనివారాలు, ఏడు బాటిళ్ళు అన్నాడు. మొక్కూ కోర్సూ కలిసి పూర్తవుతాయన్నాడు. మాకూ బాగానే ఉందనిపించింది. ఉపవాసంతో వెళ్ళి, ఏడు ప్రదక్షిణాలు చేసి, ఆ ఖాళీ కడుపుతోనే ఎక్కించుకునేవాళ్ళం. నాకు రెండో వారం చెయ్యంతా మంటెత్తింది. బీపీ ఉందని వంకపెట్టి మానేసేను. దుర్గకి నాలుగో వారం నుంచీ వాంతులు. కాళ్ళు వాచిపోయాయి. ఆపేస్తానంది పిల్ల. అప్పుడు..." ఆవిడ జాకెట్టు చెయ్యి కిందికి లాక్కున్నారు. "అప్పుడు మధ్యలో ఆపకే అన్నది నేనేరా. ఏడు వారాలూ వరసగా అవ్వాలి, ఒక్క వారం తప్పితే మళ్ళీ మొదట్నుంచీ అన్నాను. దేవుడి మొక్కుకి చెప్పే మాట తీసుకెళ్ళి ఆ బాటిల్‌కి చెప్పేను. నేను మానేసి, పిల్లని మానొద్దన్నాను. ఆరో వారం సగంలో చలిజ్వరం వచ్చేసింది దానికి. పారెయ్యకూడదని మిగిలింది బ్యాగులో పెట్టుకుంది. కొట్టాలంటే నన్ను కొట్టు."

రాజబాబు ఆవిణ్ణి కొట్టలేదు. గునపం గోడలోకి దించాడు. ప్లాస్టరింగు పెచ్చు ఊడిపడింది. లాగి మళ్ళీ దించాడు. నాలుగైదు సార్లు అలా దించాక, రొప్పుతూ సూర్యకుమారి ఫోను ఆమె ఒళ్ళో పడేశాడు.

"చెయ్యి వాడికి. స్పీకరు పెట్టు. నేనున్నట్టు తెలిసిందో, రెండో చెయ్యీ విరిచేస్తాను."

రెండు రింగులకే ఎత్తాడు వీరేంద్ర. వెనక ఆడవాళ్ళ మాటలు, గోవింద నామాలు.

"అక్కా! వచ్చేస్తున్నాం. పి.గన్నవరం దగ్గరున్నాను."

"ఒరేయ్, వ్యానులో బాటిళ్ళు ఎక్కిస్తున్నావంట." ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

వ్యాను పక్కకి ఆపిన శబ్దం, తలుపు వేసిన శబ్దం. కిందికి దిగినట్టున్నాడు.

"ఎవరు చెప్పేరు?"

"వీరాయమ్మ పిన్నిగారు. కోప్పడనులే. అందులో ఏం కలిపేవో చెప్పు."

"ఇంకేముంది, నీ గొట్టాలేనక్కా. డేటు అయిపోయాయి పారెయ్యమని వేసవిలో నా చేతికిచ్చేవు చూడు, పెద్ద డబ్బా. మంచి సరుకే కదా అని ఉంచేను. గొట్టం విప్పి పొడి సెలైన్‌లో కలిపేను. కడుపులోకెళ్ళేది నరంలోకెళ్తే తొందరగా పనిచేస్తాది కదా అని."

సూర్యకుమారి కళ్ళు మూసుకుంది. ఇందాకట్నుంచీ నాకు సంబంధం లేదు, నాకు తెలీదు అని దెబ్బలు తిన్నది ఆమె. ఆ డబ్బా తన చేతులతో అందించింది. వెంకటదుర్గ నరాల్లో తిరుగుతున్నది తన సరుకే. వేళ్ళ నొప్పి, చేతి నొప్పి అన్నీ ఆ ఒక్క మాట ముందు చిన్నవైపోయాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"గొట్టాల పొడి ఒక్కటేనా?"

"ఒక్కటేనక్కా."

"వీరూ. అబద్ధం చెప్పకు."

"ఇంకో చిన్న సీసా ఉందక్కా. రాజమండ్రిలో ఒకాయన ఇచ్చేడు. రెండు చుక్కలేస్తే వారంలో రంగు తేలిపోతాదన్నాడు. పేరు నాకు తెలీదు, లేబులు చింపేసి ఉంది. వ్యానులోనే ఉంది సీసా. ఇవాళ ఇద్దరికి ఎక్కించేను, ఇంకో నలుగురు అడుగుతున్నారు. ఏమైందక్కా? దుర్గకి బాగాలేదంట నిజమేనా? పార్లరు దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"ఉండరా, లైన్లో ఉండు." మాట అటు వినబడకుండా నొక్కి, రాజబాబు ముఖంలోకి చూసింది. అతని ముంజేతి మీద మైనం గడ్డకట్టి, అంచుల్లో ఎర్రగా నీరు కారుతోంది.

"విన్నారుగా. ఆ సీసా డాక్టరు చేతిలో పడాలి. ఇవాళ ఎక్కించిన ఆ ఇద్దర్నీ కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆసుపత్రికి రమ్మంటే వాడు రాడు, సీసా కాలవలోకి విసిరేసి పారిపోతాడు. వాడి సంగతి నాకు తెలుసు. ఇక్కడికి రమ్మంటే వస్తాడు, నేను పిలిస్తే వస్తాడు. పిలవాలంటే నాకో మాటివ్వండి. వాణ్ణి ప్రాణాలతో డాక్టరు ముందు నిలబెట్టండి. ఆ తర్వాత పోలీసులు ఏం చేసుకున్నా నేను అడ్డం రాను."

రాజబాబు గునపం నేలకి ఆన్చాడు.

"మా దుర్గ ప్రాణంతో ఉన్నంతసేపు వాడి మీద చెయ్యి వెయ్యను. వెంకన్న మీద ఒట్టు. అది పోయిందా, ఇక ఒట్టూ లేదు, ఏమీ లేదు."

అంతకన్నా మంచి మాట ఆ పూట దొరకదని సూర్యకుమారికి అర్థమైంది. మళ్ళీ నొక్కి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. తన గొంతులో వణుకు వాడు పోల్చుకుంటాడేమోనని భయపడింది, పోల్చుకుంటే బాగుండునని కూడా అనుకుంది.

"ఎవరూ లేరు నాన్నా, రా. ఇంకెవరికీ ఎక్కించకు. ఆ సీసా, బాటిళ్ళు అన్నీ పట్టుకుని వెనకవైపు నుంచి వచ్చెయ్."

"సరే అక్కా. ఇరవై నిమిషాల్లో ఉంటాను," అన్నాడు వీరేంద్ర. వాడి గొంతు తేలికపడింది.

వీరాయమ్మగారు తువ్వాలు చించి సూర్యకుమారి వేళ్ళకి కట్టుకట్టారు. "దానం, రామలక్ష్మికి ఫోన్ చేసి ఈ గొట్టాల సంగతి డాక్టరుకి చెప్పించు," అన్నాడు రాజబాబు, వెనక తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడి. రామలక్ష్మి దానం భార్య. రెండ్రోజులుగా వెంకటదుర్గ మంచం దగ్గర కూర్చున్నది ఆవిడే.

దానం చేతులు కడుక్కునే సింకు దగ్గరికి వెళ్ళి నంబరు నొక్కాడు. సూర్యకుమారి కుర్చీకి అతను మూడడుగుల దూరంలో ఉన్నాడు.

"ఆయ్, నేనే. డాక్టరుగారితో చెప్పు, అందులో కలిపింది..." ఆగిపోయాడు. అవతల ఏదో చెబుతోంది రామలక్ష్మి. "ఆయ్," అన్నాడు. "ఆయ్." తర్వాత చాలా మెల్లిగా, "ఎప్పుడు?" అన్నాడు.

ఆ ఒక్క మాటా సూర్యకుమారి విన్నది, దుర్గ పోయిందని ఆమెకి తెలిసిపోయింది. దానం తలతిప్పి ఆమెని చూశాడు. నల్లటి అతని ముఖం బూడిదరంగుకి తిరిగింది. పెదవులు కదపకుండా, కళ్ళతోనే, నోరెత్తవద్దని వేడుకున్నాడు.

"చెప్పేవా?" అని అడిగాడు రాజబాబు.

"ఆయ్. చెప్పేను," అన్నాడు దానం, ఫోను జేబులో పెట్టుకుంటూ. వెంటనే జేబులోంచి ఫోను మోగింది. అతను తియ్యలేదు.

"ఎవర్రా?"

"ఇంటి దగ్గర్నుంచి."

రాజబాబు గునపం చేతులు మార్చుకుని చెమట తుడుచుకున్నాడు. పావుగంట గడిచాక వెనక కాలవగట్టు మీద వ్యాను ఆగింది. ఆడవాళ్ళు ఏదో అంటూ నవ్వుతున్నారు. సూర్యకుమారి గొంతెత్తి పారిపోరా అని అరవాలనుకుంది. అరిస్తే సీసా పోతుంది, ఆ ఇద్దరాడవాళ్ళూ పోతారు. అరవకపోతే తమ్ముడు పోతాడు. నోరు తెరిచింది.

"అక్కా, సీసా తెచ్చేను," అంటూ వీరేంద్ర తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. సరిగ్గా అప్పుడే రాజబాబు జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది.